ఈకలు మార్చుకునే కాలంలో ఫించ్‌ల మేత: పెంపకందారు తెలుసుకోవలసినది, విశ్వవిద్యాలయాలు చెప్పవలసినది

పంజరంలో ఫించ్ పక్షులను పెంచే ఇళ్లలో ఏదో ఒకనాడు ఇటువంటి దృశ్యం ఎదురవుతుంది. నిన్నటి వరకు చలాకీగా గంతులు వేసిన పిట్ట ఒళ్లు ఉబ్బించుకొని ఒక మూల ముడుచుకొని కూర్చుంటుంది. పంజరం అడుగున చిన్న చిన్న ఈకలు కనిపిస్తాయి. మెడ దగ్గర చర్మం బయటపడి ఉంటుంది. ఈకలు రాలుస్తోంది, అదే సర్దుకుంటుందని ఒకరంటే, నీళ్లలో విటమిన్ చుక్కలు కలపమని మరొకరంటారు. గింజల గిన్నె నిండుగానే కనిపిస్తుంది కనుక మేత గురించి ఎవరికీ అనుమానం రాదు. ఒకటి రెండు రోజులకు పిట్ట పంజరం అడుగున చనిపోయి పడి ఉంటుంది. అప్పుడు గిన్నెను ఊది చూస్తే అందులో పైనుంచి కింది వరకు ఉన్నది పొట్టే.

ఫించ్ ప్రతి గింజనూ ముక్కుతో ఒలిచి, పప్పును మాత్రమే మింగి, పొట్టును అక్కడే వదిలివేస్తుంది. తిన్నకొద్దీ గిన్నె ఖాళీ కాదు, పొట్టుతో నిండుతుంది. పది, పదిహేను గ్రాముల బరువుండే ఈ ప్రాణికి ఒంట్లో నిల్వలు చాలా తక్కువ. ఒక పూర్తి రోజు పస్తు ఉంటే చాలు, దాని ప్రాణానికే ముప్పు. ఈకలు మార్చుకుంటున్న సమయంలో ఆ గడువు ఇంకా తగ్గుతుంది. మందు కోసం దుకాణానికి పరుగెత్తిన యజమాని గిన్నెను ఒక్కసారి ఊది ఉంటే పిట్ట బతికేది.

ఈకల మార్పిడి కాలంలో ఫించ్‌కు కావలసినది సీసాలో దొరికే ప్రత్యేక ఔషధం కాదు. కొద్దిపాటి అదనపు పోషణ కావాలి. అది ముందుగానే మొదలై, ఒక్క పూట కూడా తప్పకుండా అందాలి. అందుకు కావలసిన దినుసులన్నీ తెలుగువారి పొలాలలో, వంటింటిలో ఉన్నాయి. లేనిదల్లా వాటిని ఎలా వాడాలో తెలుగులో, శాస్త్రీయంగా, నిష్పాక్షికంగా చెప్పే వ్యవస్థ. ఆ లోటును వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాలు తీర్చగలవు, తీర్చాలి కూడా.

ఈక నిర్మాణానికి అయ్యే ఖర్చు

ఈక బరువులో దాదాపు 90 శాతం మాంసకృత్తులే. అందులో ప్రధానమైనది కెరటిన్. ఈ కెరటిన్‌లో గంధకం కలిగిన సిస్టీన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉంటుంది. ఈకకు గట్టిదనం, సాగే గుణం దాని వల్లనే వస్తాయి. పక్షి శరీరంలోని మొత్తం మాంసకృత్తులలో నాలుగో వంతు వరకు ఈకలలోనే ఉంటుందని చెప్పవచ్చు. అంత సంపదను పక్షి వదులుకొని మళ్లీ కొత్తగా నిర్మించుకుంటుంది.

అయితే ఈ నిర్మాణానికి ఎంత ముడిసరుకు కావాలో లెక్క వేసి చూసినప్పుడే అసలు విషయం బోధపడుతుంది. 14 గ్రాముల ఫించ్ ఒంటి మీది ఈకలన్నీ కలిపి సుమారు 1 గ్రాము తూగుతాయనుకుందాం. వాటన్నింటినీ అది 50 రోజులలో మార్చుకుంటే రోజుకు సగటున 20 మిల్లీగ్రాముల కొత్త ఈక తయారు కావాలి. అదే పక్షి పొట్టు పోగా రోజుకు సుమారు 3 గ్రాముల చిరుధాన్యపు పప్పు తింటుంది. కొర్ర, వరిగ వంటి ధాన్యాలలో మాంసకృత్తులు సుమారు 12 శాతం. అంటే రోజుకు 360 మిల్లీగ్రాముల మాంసకృత్తులు దానికి అందుతున్నాయి. అందులో 20 మిల్లీగ్రాములు పెద్ద భాగమేమీ కాదు.

ఈ లెక్క ఇంతటితో పూర్తి కాదు. ఈక తయారీకి శరీరం ఖర్చుచేసే శక్తి, తయారైన ఈకలో నిలిచే శక్తి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చిన్న పక్షులలో ఈ వ్యత్యాసం మరీ హెచ్చు. ఈక మొలిచే చోట రక్తప్రసరణ పెరుగుతుంది. ఒంట్లోని మాంసకృత్తులు విరిగి, తిరిగి కూడుకునే వేగం కూడా పెరుగుతుంది. పాత ఈకలు రాలి, కొత్తవి ఇంకా పూర్తిగా విచ్చుకోని దశలో ఒంటి వేడి త్వరగా బయటికి పోతుంది. అందువల్ల అవసరం 20 మిల్లీగ్రాముల వద్ద ఆగదు. అయినప్పటికీ అది సమతుల్యమైన మేత తీర్చలేనంత పెద్ద అవసరం కాదు.

మరి తేడా ఎక్కడ వస్తుంది? రెండు చోట్ల. ఒకటి, మేతలో నాణ్యత లేకపోవడం. రెండు, మేత నిరంతరంగా అందకపోవడం. చాలా ఇళ్లలో ఫించ్‌లకు బియ్యపు నూకలే ఆహారం. వాటిలో మాంసకృత్తులు సుమారు 7 శాతం మాత్రమే. విటమిన్ ఎ లేదు. సున్నం నామమాత్రం. మామూలు రోజులలో అటువంటి మేతతో ఎలాగో నెట్టుకొచ్చిన పక్షి ఈకల కాలంలో దొరికిపోతుంది.

నిరంతరత గురించి ఇంకొక విషయం చెప్పుకోవాలి. ఈక పగలే కాదు, రాత్రి కూడా పెరుగుతుంది. రాత్రంతా పక్షి మేత తినదు. ఆ గంటలలో సిస్టీన్ ఎక్కడి నుంచి వస్తుంది? 1980వ దశకంలో అమెరికాలో మేరీ మర్ఫీ, జేమ్స్ కింగ్ అనే శాస్త్రవేత్తలు వైట్ క్రౌన్డ్ స్పారో అనే పక్షిపై చేసిన పరిశోధనలు ఈ ప్రశ్నకు సమాధానమిచ్చాయి. పగలు తిన్న మేత నుంచి కాలేయంలో గ్లూటాథయోన్ రూపంలో కొంత సిస్టీన్ నిల్వ అవుతుందని, రాత్రివేళ ఈక పెరుగుదలకు ఆ నిల్వ తోడ్పడుతుందని వారు వివరించారు. ఈ చిన్న నిల్వను పక్షి ప్రతిరోజూ నింపుకోవాలి. వారానికొకసారి పెట్టిన గుడ్డు మిగిలిన ఆరు రోజులకు సరిపోదు. ఎదిగే ఈకకు మధ్యలో పోషణ తగ్గినా, పక్షి తీవ్రమైన ఒత్తిడికి లోనైనా ఈకపై అడ్డంగా సన్నని బలహీనపు గీత పడుతుంది. తరువాతి కాలంలో ఈక ఆ గీత దగ్గరే విరుగుతుంది. పెంపకందారు ఆలనాపాలనా ఎలా ఉండిందో ఆ గీతలు చూసి చెప్పవచ్చు.

అన్ని ఫించ్‌లకు ఒకే సలహా పనికిరాదు

తెలుగు పట్టణాలలోని పక్షుల అంగళ్లలో ఫించ్ అనే పేరుతో ప్రధానంగా మూడు రకాలు దొరుకుతాయి: జీబ్రా ఫించ్, బెంగాలీ ఫించ్, గౌల్డియన్ ఫించ్. మూడింటినీ ఒకే వరుసలో ఉంచి, ఒకే గింజలు, ఒకే సలహా ఇచ్చి అమ్ముతారు. ఈకలు మార్చుకునే తీరులో మాత్రం వీటి మధ్య చాలా తేడా ఉంది.

జీబ్రా ఫించ్ ఆస్ట్రేలియాలోని పొడి ప్రాంతాల పక్షి. అక్కడ వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. వాన పడగానే గూడు కట్టుకోవలసిందే. అటువంటి జీవితానికి తగినట్లు అది ఈకలను కొద్దికొద్దిగా, తాపీగా మార్చుకుంటుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రిచర్డ్ జాన్ పరిశీలనల ప్రకారం రెక్కలోని ప్రధాన ఈకలన్నీ ఒక చుట్టు మారడానికి ఏడెనిమిది నెలలు పడుతుంది. పిల్లలను పెంచుతున్నప్పుడు కూడా ఈ మార్పిడి సాగుతూనే ఉంటుంది. ఆ లెక్కన రోజువారీ అదనపు అవసరం చాలా స్వల్పం. కనుక జీబ్రా ఫించ్‌కు ఈకల కాలపు మేత అని వేరుగా ఏదీ అక్కరలేదు. ఏడాది పొడవునా మంచి మేత ఉండాలి. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. పెద్ద వయసు జీబ్రా ఫించ్‌కు ఉన్నట్టుండి మెడ మీదో వీపు మీదో చర్మం బయటపడిందంటే అది సాధారణంగా ఈకల మార్పిడి కాదు. ఇరుకు పంజరంలో తోటి పక్షి పీకుతూ ఉండవచ్చు. పురుగులు పట్టి ఉండవచ్చు. పోషకాహార లోపమో వ్యాధో ఉండవచ్చు. అక్కడ సర్దుకుంటుందిలే అని ఊరుకుంటే ప్రమాదం.

గౌల్డియన్ ఫించ్ తీరు దీనికి భిన్నం. ఉత్తర ఆస్ట్రేలియాకు చెందిన ఈ రంగురంగుల పక్షి సంతానోత్పత్తి ముగిసిన తరువాత ఏడాదికొకసారి, తక్కువ వ్యవధిలో, ఒంటి మీది ఈకలన్నింటినీ మార్చుకుంటుంది. అదీ గుడ్లు పెట్టి, పిల్లలను పెంచి అలసిపోయిన వెంటనే. దీనికి ముందస్తు సన్నాహం తప్పనిసరి. ఆఖరి పిల్లలు సొంతంగా తినడం మొదలుపెట్టగానే గూడు పెట్టెను తీసివేసి, కొన్ని వారాల పాటు పెద్ద పక్షులకు బలమైన మేత ఇవ్వాలి. తొలి ఈక రాలిన నాడు గుడ్డు ఉడకబెట్టడం మొదలుపెడితే ఆలస్యమైనట్లే.

బెంగాలీ ఫించ్ పేరు చూసి అది బెంగాల్ పక్షి అనుకుంటారు. భారతదేశంతో సహా ఆసియాలో కనిపించే తెల్లనడుము మునియా జాతి నుంచి, దాదాపు రెండున్నర శతాబ్దాలుగా జపాన్‌లో పెంపకం ద్వారా రూపొందిన పక్షి ఇది. గట్టి ప్రాణం. ఎటువంటి మేతతోనైనా కొంతకాలం నెట్టుకొస్తుంది. అందుకే దాని విషయంలో అశ్రద్ధ కూడా ఎక్కువ.

ఈ మూడూ మునియాల కుటుంబానికి చెందినవే. తెలుగు పల్లెలలో జినువాయి అని పిలిచే మునియాలు వీటికి దాయాదులు. ఎర్ర మునియా, పచ్చ మునియా, చుక్కల మునియా వంటి దేశవాళీ పక్షులను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మేత గురించిన ఏ సలహా అయినా పంజరంలో పుట్టి పెరిగిన విదేశీ జాతులకే పరిమితం. సంతలో రంగు పూసి అమ్మే మునియాకు మంచి మేత పెట్టడం దయ అనిపించుకోదు. దానిని కొనకుండా ఉండడమే దాని పట్ల చేయగల మేలు.

గిన్నెలో ఉండవలసినవి

ఫించ్‌ల మేతకు పునాది చిరుధాన్యాలు. కొర్రలు, వరిగలు, సామలు కలిపిన మిశ్రమంలో కొద్దిగా సజ్జలు చేర్చవచ్చు. ఇవన్నీ పొట్టుతో ఉండాలి. మనుషుల వంటకు వాడే పాలిష్ పట్టిన ధాన్యం పనికిరాదు. చిరుధాన్యాల మాంసకృత్తులలో గంధకం గల మిథియోనిన్ ఫరవాలేదనిపించే స్థాయిలోనే ఉంటుంది. శరీరం మిథియోనిన్ నుంచి సిస్టీన్‌ను తయారు చేసుకోగలదు. వీటిలో ప్రధానమైన లోటు లైసిన్. కోడిగుడ్డు మాంసకృత్తులలో సుమారు 7 శాతం లైసిన్ ఉంటే, కొర్రల మాంసకృత్తులలో అది 2 శాతం దరిదాపులలోనే ఉంటుంది. ఈకలో లైసిన్ ఎక్కువ లేకపోయినా, ఈకను తయారు చేస్తున్న శరీరానికి అది అవసరం.

ఈ లోటును పూడ్చడానికి రెండు సులభమైన మార్గాలున్నాయి. మొదటిది ఉడికించిన కోడిగుడ్డు. గుడ్డును గట్టిగా ఉడికించి, సొనతో సహా మెత్తగా చిదిమి, శుభ్రమైన పెంకును పొడి చేసి అందులో కలపాలి. ఒక జంటకు రోజుకు ఒక చిన్న చెంచాడు చాలు. ఆ లెక్కన ఒక గుడ్డు పది జంటలకు సరిపోతుంది. ఎండాకాలంలో రెండు గంటలు దాటిన తరువాత మిగిలినదాన్ని తీసి పారేయాలి. రెండవది మొలకెత్తిన పెసలు. పప్పుధాన్యాలలో లైసిన్ ఎక్కువ, మిథియోనిన్ తక్కువ. చిరుధాన్యాలలో దీనికి తారుమారు. రెండూ కలిస్తే ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. అన్నంలో పప్పు కలుపుకొనే తెలుగింటి భోజనంలో ఉన్న సూత్రమే ఇది. పెసలను నానబెట్టి, పలుమార్లు కడిగి, మొలక తెల్లగా కనిపించగానే సన్నగా తరిగి పెట్టాలి. వాసన వచ్చినా, జిగురుగా తోచినా వాడకూడదు. కొర్రలను కూడా ఇలాగే మొలకెత్తించి ఇవ్వవచ్చు.

ఎండు గింజలలో దాదాపు లేని విటమిన్ ఎ కోసం ఆకుకూరలు ఇవ్వాలి. తోటకూర, మునగాకు, కొత్తిమీర శ్రేష్ఠం. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ కనుక అది ఎప్పుడో ఒకసారి చాలు. బజారులో కొన్న ఆకుపై పురుగుమందు అవశేషాలు ఉండే అవకాశం ఉంది. పెద్దలకు హాని చేయని మోతాదు పదిహేను గ్రాముల పిట్టకు విషం కావచ్చు. కుండీలో పెంచిన నాలుగు మొక్కలుంటే ఆ బెంగ ఉండదు. సున్నం కోసం కటిల్‌బోన్ ఎల్లప్పుడూ పంజరంలో వేలాడాలి. పెంపుడు పక్షుల అంగడిలో ఆ పేరుతో దొరికేదీ, ఆయుర్వేద దుకాణంలో సముద్రఫేనం పేరుతో దొరికేదీ ఒక్కటే. అయితే మందులు, ఇతర పొడులు కలపని ముక్కనే తీసుకోవాలి. ఉదయపు నీరెండ నేరుగా తగలాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలో విటమిన్ డి తయారీకి కావలసిన కిరణాలు ఉండవు. రోజూ ఉదయం లోతు లేని పళ్లెంలో స్నానానికి నీళ్లు పెడితే కొత్త ఈకల మీది తొడుగులు మెత్తబడి సులువుగా విచ్చుకుంటాయి.

వేళలు కూడా ముఖ్యమే. గుడ్డు, మొలకలు ఉదయం పెట్టాలి. చీకటి పడక ముందు గింజల గిన్నెలోని పొట్టును ఊది, కొత్త గింజలు నింపాలి. పిట్ట కడుపు నిండా తిని నిద్రపోతేనే రాత్రంతా ఈక పెరుగుతుంది. టీవీ వెలుగులో అర్ధరాత్రి వరకు మేలుకొని ఉండే పంజరపు పక్షికి ఎంత మంచి మేత పెట్టినా విశ్రాంతి లోటు తీరదు.

వ్యవసాయ కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక అవసరం. విత్తడానికి తెచ్చుకొని మిగిలిన కొర్ర, సజ్జ విత్తనాలను పిట్టలకు ఎప్పుడూ వేయకూడదు. వాటికి థైరమ్, మెటలాక్సిల్ వంటి శిలీంధ్రనాశినులతో విత్తనశుద్ధి చేసి ఉంటారు. విత్తనానికి రంగు పూయడం ఆ హెచ్చరిక కోసమే. కడిగినంత మాత్రాన ఆ మందు పూర్తిగా పోదు. అలాగే తేమ తగిలి బూజు పట్టిన ధాన్యం, వేరుశనగ ముక్కలు కూడా పనికిరావు. వాటిలోని అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఈకల కాలంలో సిస్టీన్ నిల్వ ఉండేదీ ఆ కాలేయంలోనే.

సీసా మందుల విషయం

ఈకల మార్పిడికి ప్రత్యేకం అంటూ అమ్మే చుక్కల మందులు, పొడులు అన్నీ పనికిరానివని అనడం న్యాయం కాదు. లోపం ఫలానా అని పశువైద్యుడు గుర్తించిన చోట విటమిన్లు, ఖనిజ లవణాలు అవసరమే. అభ్యంతరం వాటిని మేతకు బదులుగా వాడడం మీద. నీటిలో కలిపిన విటమిన్లు వెలుతురుకు, వేడికి త్వరగా నశిస్తాయి. చక్కెర ద్రావణంతో తయారైన మందు కలిపిన నీరు ఎండాకాలంలో కొన్ని గంటలలోనే సూక్ష్మజీవులకు నెలవవుతుంది. రంగు, రుచి మారిన నీటిని పిట్ట తాగడం తగ్గిస్తుంది. నలభై డిగ్రీలు దాటే వేసవిలో దాని పర్యవసానం చెప్పనక్కరలేదు. మరోవైపు విటమిన్ ఎ, విటమిన్ డి మోతాదు మించితే అవి శరీరంలో పేరుకొని హాని చేస్తాయి. ఇంత చిన్న ప్రాణికి ఒక చుక్క ఎక్కువ, ఒక చుక్క తక్కువ అనేది చిన్న విషయం కాదు.

పాలలో నానబెట్టిన రొట్టె పెట్టే అలవాటు కూడా కొన్ని ఇళ్లలో ఉంది. పాలలోని చక్కెరను పక్షులు జీర్ణం చేసుకోలేవు. విరేచనాలు పట్టుకుంటే ఈకల కాలంలో ఉన్న పిట్ట తట్టుకోలేదు. బలం వస్తుందని పప్పులు, గుడ్లు అతిగా పెట్టడం కూడా మేలు కాదు. శరీరం వాడుకోలేని మాంసకృత్తులను విసర్జించే భారం మూత్రపిండాలపై పడుతుంది. పైన వేసిన లెక్క చెప్పేదేమిటంటే, పిట్టకు కావలసిన అదనం చాలా కొంచెం. ఆ కొంచెం మాత్రం రోజూ అందాలి.

అడవిలో గుడ్డు ఎవరు పెట్టారు?

అనుభవజ్ఞులైన పెంపకందారులు ఒక ప్రశ్న వేస్తారు. అడవిలో ఫించ్‌లు గడ్డిగింజలు తిని బతుకుతాయి కదా, ఏటేటా ఈకలు మార్చుకుంటాయి కదా, పంజరంలో మాత్రం వాటికి ఇన్ని హంగులెందుకు? ప్రశ్నలో న్యాయం ఉంది. జీబ్రా ఫించ్ ప్రధానంగా గడ్డిగింజలే తింటుందన్నది నిజం. పిల్లలకు కూడా ఎక్కువగా గింజలే తినిపిస్తుంది. అయితే ఆ గింజలు, అంగడి సంచిలోని ఎండు గింజలు ఒకటి కావు. అడవిలో అది పాలు పోసుకునే దశలోని పచ్చి గింజలను కూడా తింటుంది. ఒకే రకం గడ్డితో సరిపెట్టుకోదు. మట్టిలోని ఖనిజాలు ఏరుకుంటుంది. ఎండలో ఎగురుతుంది. ఒకచోట దొరకకపోతే మరొక చోటికి పోతుంది. పంజరంలో ఈ స్వేచ్ఛ ఏదీ లేదు. తనకు కావలసినది ఎంచుకునే హక్కును పిట్ట నుంచి తీసుకున్న మనిషి మీదనే ఆ ఎంపిక బాధ్యత కూడా పడుతుంది. గుడ్డు, మొలకలు, ఆకుకూర అనేవి విలాసాలు కావు. పంజరం వల్ల పిట్ట కోల్పోయిన దానికి కొంత పరిహారం మాత్రమే.

అసలు ఆ ప్రశ్నలోనే ఒక మంచి సూచన కూడా దాగి ఉంది. పాలకంకి దశలో కోసిన కొర్ర వెన్ను ఫించ్‌లకు అత్యంత సహజమైన మేత. పెంపుడు పక్షుల అంగళ్లలో మిల్లెట్ స్ప్రే పేరుతో అట్టపెట్టెలో పెట్టి అమ్మేది ఎండిన కొర్ర వెన్నే. నంద్యాల, కర్నూలు, అనంతపురం ప్రాంతాల రైతుకు అది చేలో పండే పంట. పురుగుమందు వాడకుండా పండించిన కొర్ర వెన్నులను శుభ్రంగా కట్టలు కట్టి పట్టణాలకు పంపగలిగితే పిట్టకూ మేలు, రైతుకూ నాలుగు రూకలు ఎక్కువ.

విశ్వవిద్యాలయాల బాధ్యత

పంజరపు పిట్టల గోల వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఎందుకన్న అభ్యంతరం రావచ్చు. రైతు సమస్యలే తీరకుండా ఉండగా పట్టణాల సరదాల మీద సమయం వెచ్చించాలా అని అడగవచ్చు. నిజానికి ఈ పనికి కొత్తగా పరిశోధనశాలలు కట్టనక్కరలేదు. కావలసిన జ్ఞానం అంతా ముక్కలు ముక్కలుగా ఇప్పటికే ఉంది. కోడిగుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే మొదటి వరుసలో నిలిచిన తెలుగు నేలపై, ఈకల మార్పిడి అంటే ఏమిటో, మోల్టింగ్ దశలో కోడికి ఏయే అమైనో ఆమ్లాలు ఎంత కావాలో తెలిసిన శాస్త్రవేత్తలు ఎందరో ఉన్నారు. మేత ఆగితే కోడి గుడ్లు పెట్టడం మాని ఈకలు రాలుస్తుందన్న సంగతి వారికి చిరపరిచితం. పొట్టు నిండిన గిన్నె ముందు ఈకలు రాలుస్తున్న ఫించ్‌ను చూస్తే, ఆకలి వల్ల కూడా ఈకలు రాలతాయని ముందుగా గుర్తించగలిగేది వారే.

చిరుధాన్యాల విషయంలోనూ అంతే. కొర్రపై ఏళ్ల తరబడి పనిచేసిన నంద్యాల పరిశోధన స్థానం ఇక్కడే ఉంది. భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉంది. ఏ ఆహారంలో ఏ పోషకం ఎంతో పట్టికలు కట్టి చెప్పిన జాతీయ పోషకాహార సంస్థ కూడా హైదరాబాదులోనే ఉంది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పుడు కొర్రలు మనిషికి ఎంత మేలో ఊరూరా చెప్పారు. ఆ కొర్రలే తిని బతికే పిట్టకు వాటిలో ఏమి ఉంది, ఏమి లేదు అన్నది చెప్పడానికి ఒక్క కరపత్రం చాలు.

చేయవలసినవి మూడు పనులు. మొదటిది, పశువైద్య కళాశాలల పౌల్ట్రీ విభాగాలు, చిరుధాన్యాల శాస్త్రవేత్తలు కలిసి కూర్చొని, పంజరపు ఫించ్‌లకు ఏడాది పొడవునా ఇవ్వవలసిన మేతను, ఈకల కాలంలో చేయవలసిన మార్పులను జాతుల వారీగా తెలుగులో ఒక పట్టికగా ప్రకటించాలి. అందులో మోతాదులు చెంచాలలో, చిటికెలలో ఉండాలి, శాతాలలో కాదు. రెండవది, ఈకలు రాలడం ఎప్పుడు సహజం, ఎప్పుడు వ్యాధి లక్షణం అన్నది చిత్రాలతో చూపాలి. పట్టణ పశువైద్యశాలకు ఫించ్‌ను తీసుకువచ్చే వారి సంఖ్య తక్కువే కావచ్చు. వచ్చిన వారికి కోడికి రాసే మందునే చుక్కలలో రాసి పంపే పరిస్థితి మారాలి. మూడవది, పక్షి మేతగా అమ్మే గింజల సంచులపై ఏయే ధాన్యాలు ఏ పాళ్లలో ఉన్నాయో, ఎప్పుడు నింపారో, విత్తనశుద్ధి చేయనివేనా అన్నది రాసి ఉండాలి. పశువుల దాణా సంచిపై ఆ వివరాలు ఉండాలని రైతు కోరుతున్నప్పుడు, పిట్ట గింజల సంచికి మాత్రం మినహాయింపు ఎందుకు?

ఈ బాధ్యతను సరదాగా కొట్టిపారేయలేని కారణం ఇంకొకటి ఉంది. పట్టణంలో పుట్టి పెరుగుతున్న ఎందరో పిల్లలకు మేత, దాణా, గింజ, వెన్ను అనే మాటలతో తొలి పరిచయం ఇంటి వసారాలోని పంజరం దగ్గరే కలుగుతోంది. పిట్ట చనిపోయిన నాడు ఆ పిల్లవాడు అడిగే ప్రశ్నకు, మందు ఆలస్యంగా వేశామన్నది తప్పుడు సమాధానం. దానికి ఏమి కావాలో తెలుసుకోలేదన్నది సరైన సమాధానం. ప్రాణిని పెంచడమంటే దాని అవసరాన్ని తెలుసుకోవడమేనన్న పాఠాన్ని పశుపోషణ నేర్పే విశ్వవిద్యాలయం కంటే బాగా చెప్పగలవారు ఎవరున్నారు?

ఈలోగా ప్రతి పెంపకందారు చేయగలిగిన పని ఒకటుంది. దానికి ఖర్చు లేదు, శాస్త్రజ్ఞుని సలహా కూడా అక్కరలేదు. సాయంత్రం దీపం పెట్టే వేళకు గింజల గిన్నెను పంజరం బయటికి తీసి, ఒక్కసారి ఊది, అడుగున గింజ మిగిలి ఉందో లేదో చూడడం.